లెర్నింగ్ రేట్ తగ్గితే జ్ఞాపకం తగ్గినట్టేనా? నిర్ణయాల మోడల్స్‌లో జ్ఞాపకం ఎక్కడ ఉంటుంది

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. తెర మీద ఆరు బొమ్మలు మార్చి మార్చి వస్తాయి. ఒక్కో బొమ్మకు మూడు బటన్లలో ఒకటే సరైనది. తప్పో ఒప్పో చూసుకుంటూ నేర్చుకోవాలి. యువకులకూ పెద్దవయసు వాళ్ళకూ విడివిడిగా ఒక మామూలు రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ (ఫలితాలను బట్టి నేర్చుకోవడం) మోడల్ ఫిట్ చేశారు, అంటే వాళ్ళ జవాబులకు బాగా సరిపోయేలా మోడల్‌లోని అంకెలను సర్దారు. లెర్నింగ్ రేట్ (ఒక్కో ఫలితం చూశాక అంచనాను ఎంత మార్చుకుంటారో చెప్పే అంకె) యువకుల్లో 0.5, పెద్దవాళ్ళలో 0.3 వచ్చింది. దీన్ని ‘వయసుతో జ్ఞాపకం తగ్గి నిర్ణయాలు దెబ్బతింటున్నాయి’ అని రాయవచ్చా? రాయకూడదంటే జ్ఞాపక వ్యవస్థలను మోడల్‌లోకి ఎలా తేవాలి?

ఇప్పుడే అలా రాయకండి. ఆ రెండు అంకెల్లో జ్ఞాపకం పాత్ర తప్పకుండా ఉంది. కానీ ఏ జ్ఞాపకం, ఎంత అన్నది ఆ అంకెలు చెప్పలేవు. పెద్దవాళ్ళు నిదానంగా నేర్చుకున్నారన్నంత వరకే మీ డేటా రుజువు చేసింది. ఎందుకన్నది ఇంకా తేలాలి, దానికి మోడల్‌తో పాటు టాస్క్ కూడా మారాలి.

ముందు ఆ లెర్నింగ్ రేట్ లోపల ఏముందో చూద్దాం. 1972లో రెస్కోర్లా, వాగ్నర్ ఇచ్చిన నియమాన్ని ఈ రకం మోడల్స్ అన్నీ ఏదో ఒక రూపంలో వాడతాయి:

కొత్త విలువ = పాత విలువ + లెర్నింగ్ రేట్ × (వచ్చిన ఫలితం − పాత విలువ)

దీన్ని వెనక్కి విప్పుకుంటూ వెళ్తే, ఇప్పటి విలువ అంటే గతంలో వచ్చిన ఫలితాల సగటు అని తెలుస్తుంది. అన్నిటికీ సమానమైన వాటా ఉండదు. లెర్నింగ్ రేట్ 0.3 అయితే తాజా ఫలితానికి 0.3 వాటా, దాని ముందుదానికి 0.21, ఆ ముందుదానికి 0.147, ఇంకా ముందుదానికి సుమారు 0.103. ఈ నాలుగే కలిపి మొత్తంలో 76 శాతం. ఒక ఫలితం ప్రభావం సగానికి పడిపోవడానికి దాదాపు రెండు ట్రయల్స్ (బొమ్మ చూపించి జవాబు తీసుకునే ఒక్కో విడత) పడుతుంది. లెర్నింగ్ రేట్ 0.5 అయితే ఒక్క ట్రయల్‌కే సగం పోతుంది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఈ సమీకరణం ప్రకారం ఎక్కువ కాలం గుర్తుపెట్టుకుంటున్నది పెద్దవాళ్ళే. లెర్నింగ్ రేట్ తక్కువ అంటే పాత అనుభవాలకు ఎక్కువ వాటా ఇవ్వడం. మీరు రాయాలనుకున్న వాక్యానికి ఇది సరిగ్గా ఎదురు. అయితే మీ టాస్క్‌లో సరైన బటన్ మారదు కాబట్టి పాతవి మర్చిపోవడం వల్ల లాభమూ నష్టమూ కనిపించవు. కనిపించేది వేగం ఒక్కటే. సరైన బటన్ విలువ సున్నా దగ్గర మొదలైతే, మూడు సరైన జవాబుల తర్వాత 0.5 తో 0.875 కి చేరుతుంది, 0.3 తో 0.657 దగ్గర ఉంటుంది. మీ ఫిట్టింగ్ ప్రోగ్రామ్ పట్టుకున్నది ఈ వేగం తేడానే.

ఈ మోడల్ మనకు చెప్పకుండా పెట్టుకున్న ఊహలు ఇంకో రెండు ఉన్నాయి, మీ ప్రశ్నకు అవి ముఖ్యం. మొదటిది, దీనికి గడియారం లేదు. రెండు ట్రయల్స్ మధ్య రెండు సెకన్లు గడిచినా రెండు రోజులు గడిచినా దానికి ఒకటే. రెండోది, తెర మీద లేని బొమ్మ విలువ ఎక్కడిదక్కడ గడ్డకట్టి ఉంటుంది. ఒక బొమ్మను చూపించి, తర్వాత పది ట్రయల్స్ పాటు వేరే బొమ్మలే చూపించినా, మొదటిదాని విలువలో అణువంత మార్పు ఉండదు. ఎంచుకోని బటన్ విషయంలోనూ అంతే. అంటే మర్చిపోవడాన్ని పరీక్షించే మీ ప్రయోగానికి కాలం గడిచి మర్చిపోవడం అంటే ఏమిటో తెలియని మోడల్‌ను వాడారు. అది తప్పనిసరిగా ఆ తేడాను తన దగ్గరున్న పరామీటర్లలోకే, అంటే ఫిట్టింగ్‌లో సర్దే అంకెల్లోకే, తోస్తుంది. లెర్నింగ్ రేట్ కనిపించింది, దాంట్లోకి తోసింది.

మెదడులో జ్ఞాపకం ఒకే గిడ్డంగి కాదని చాలాకాలంగా తెలుసు. 1953లో మూర్ఛ తగ్గించడానికి హెన్రీ మొలైసన్‌కు మెదడులో రెండు వైపులా హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని తీసేశారు. ఆయన కొత్త సంఘటనలను గుర్తుంచుకోలేకపోయాడు. కానీ అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం రోజురోజుకూ మెరుగుపడింది, అంతకుముందు గీసిన సంగతి గుర్తు లేకపోయినా. బ్రెండా మిల్నర్ చేసిన ఆ పరీక్షలు ఈ రంగానికి పునాది.

మీకు ఇంతకంటే దగ్గరగా పనికొచ్చేది 1996లో నోల్టన్, మాంగెల్స్, స్క్వైర్ చేసిన ప్రయోగం. కార్డుల గుర్తులు చూసి వాన పడుతుందా ఎండ కాస్తుందా చెప్పాలి. కార్డులకూ ఫలితానికీ సంబంధం కచ్చితంగా ఉండదు, సంభావ్యతే. మతిమరుపు రోగులు మొదటి 50 ట్రయల్స్‌లో మామూలు వాళ్ళలాగే నేర్చుకున్నారు, కానీ ఏం చూశామో అడిగితే సరిగ్గా చెప్పలేకపోయారు. పార్కిన్సన్స్ రోగులు ఏం చూశారో చక్కగా చెప్పారు, కానీ ఆ ట్రయల్స్‌లో ఊహించడం నేర్చుకోలేకపోయారు. ఒకరికి హిప్పోక్యాంపస్ వైపు, ఇంకొకరికి మెదడు లోపలి స్ట్రయాటమ్ అనే భాగం వైపు దెబ్బ. నేర్చుకోవడం, గుర్తుంచుకోవడం ఇంత స్పష్టంగా విడిపోయిన ఉదాహరణలు తక్కువ. దీన్ని గుడ్డిగా తీసుకోవద్దని కూడా చెప్పాలి. ఆ టాస్క్‌లో చాలామంది మొదట్లో ఒకే కార్డు కనిపించే ట్రయల్స్ జవాబులను మాత్రమే బట్టీ పట్టి లాక్కొస్తారని 2002లో గ్లక్, షొహామీ, మయర్స్ చూపించారు. స్కోరు ఒకటే అయినా దాని వెనక పద్ధతి వేరై ఉండొచ్చు.

అదే ఏడాది, 1996లోనే, ప్యాకర్డ్, మగాఫ్ ఎలుకల మీద చేసిన పని నాకు చాలా ఇష్టం. కూడిక గుర్తు ఆకారంలో ఉన్న మేజ్‌లో ఎప్పుడూ ఒకే వైపు నుంచి వదిలి, ఒకే చోట తిండి పెట్టారు. 8వ రోజు ఎదురువైపు నుంచి వదిలితే ఎక్కువ ఎలుకలు తిండి ఉన్న చోటుకే వెళ్ళాయి. 16వ రోజుకు ఆ తీరు మారి, అలవాటైన వైపుకే తిరిగాయి. అసలు విశేషం తర్వాత ఉంది. 16వ రోజున స్ట్రయాటమ్‌లోని కాడేట్ అనే భాగాన్ని మందుతో కాసేపు స్తంభింపజేస్తే ఎలుకలు మళ్ళీ చోటును బట్టి వెళ్ళాయి. అంటే పాత జ్ఞాపకం చెరిగిపోలేదు, పక్కన కూర్చుంది. రెండు వ్యవస్థలూ ఒకేసారి పనిచేస్తుంటాయి, ఏది గెలుస్తుందన్నది కాలంతో మారుతుంది. కాబట్టి ‘ఏ జ్ఞాపకం’ అన్న ప్రశ్నను ‘ఏ జ్ఞాపకానికి ఇప్పుడు ఎంత వాటా’ అని అడిగితే గణితంలోకి తేలిగ్గా వస్తుంది.

మీ టాస్క్‌లో ఆ వాటా కోసం పోటీ పడే మొదటి వ్యవస్థ వర్కింగ్ మెమరీ. ‘ఇందాక ఈ బొమ్మకు ఎడమ బటన్ నొక్కితే ఒప్పు వచ్చింది’ అని మనసులో పట్టుకోవడమే. అది ఒక్కసారి చూస్తే చాలు నేర్చేసుకుంటుంది, కానీ కొన్నిటినే పట్టుకోగలదు, త్వరగా జారిపోతుంది. స్ట్రయాటమ్ మీద, డోపమైన్ అనే మెదడు రసాయనం మీద ఆధారపడే రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ నిదానం. దానికి బొమ్మలు ఎన్నున్నా పట్టింపు లేదు. కోతుల్లో డోపమైన్ కణాల స్పందన సరిగ్గా పై సమీకరణంలోని ‘వచ్చింది − అనుకున్నది’ లాగా ఉంటుందని 1997లో షుల్ట్జ్, డాయన్, మాంటగ్యు వివరించాక ఈ మోడల్స్‌కు మంచి బలం వచ్చింది. దాంతోపాటు ఒక చెడ్డ అలవాటూ వచ్చిందని నా అభిప్రాయం: ఫీడ్‌బ్యాక్‌తో నేర్చుకున్నదంతా డోపమైన్ లెక్కలో వేసేయడం.

ఆ అలవాటును గట్టిగా ప్రశ్నించింది 2012లో ఆన్ కాలిన్స్, మైకేల్ ఫ్రాంక్ చేసిన పని. వాళ్ళు మీ టాస్క్ లాంటిదే తీసుకుని, ఒక్కో బ్లాక్‌లో (వరసగా సాగే ట్రయల్స్ గుంపులో) బొమ్మల సంఖ్యను 2 నుంచి 6 వరకు మార్చారు. మామూలు మోడల్ ప్రకారం ఒక బొమ్మను ఎన్నిసార్లు చూశామన్నదే లెక్క, పక్కన ఇంకెన్ని బొమ్మలున్నా నేర్చుకునే వేగం మారకూడదు. మనుషుల్లో బాగా మారింది. రెండు బొమ్మలుంటే ఒకటి రెండు సార్లలోనే వచ్చేస్తుంది, ఆరుంటే ఎక్కువ సార్లు పడుతుంది. ఒకే బొమ్మ రెండుసార్లు రావడానికి మధ్య ఎన్ని ట్రయల్స్ గడిచాయన్నదీ ప్రభావం చూపింది.

వాళ్ళ మోడల్ సరళంగానే ఉంటుంది. రెండు భాగాలూ విడివిడిగా జవాబును ప్రతిపాదిస్తాయి, చివరి ఎంపిక వాటి మిశ్రమం:

ఎంపిక సంభావ్యత = వాటా × వర్కింగ్ మెమరీ చెప్పింది + (1 − వాటా) × రీఇన్‌ఫోర్స్‌మెంట్ చెప్పింది

ఆ వాటా ఎంతన్నది సామర్థ్యం మీద ఆధారపడుతుంది. బొమ్మల సంఖ్య సామర్థ్యం లోపలే ఉంటే వాటా పూర్తిగా వస్తుంది, దాటితే ‘సామర్థ్యం ÷ బొమ్మల సంఖ్య’ నిష్పత్తిలో తగ్గుతుంది. ఒక మనిషి వర్కింగ్ మెమరీ మీద ఉంచే గరిష్ఠ నమ్మకం 0.9, సామర్థ్యం 3 అనుకోండి. రెండు బొమ్మలకు వాటా 0.9, ఆరు బొమ్మలకు 0.45. సామర్థ్యం 2 అయితే రెండు బొమ్మలకు అదే 0.9, ఆరింటికి 0.3. వర్కింగ్ మెమరీలో లెర్నింగ్ రేట్‌ను 1గా పెడతారు, ఒక్కసారికే పూర్తిగా పడుతుంది. దానికి బదులు ప్రతి ట్రయల్‌కూ కొంచెం కొంచెం అరుగుతూ ‘ఏమీ తెలియదు’ అనే స్థాయికి, మూడు బటన్లు కాబట్టి 1/3 కి, జారుతుంది. అరుగుదల 0.1 అయితే ఒక ట్రయల్ తర్వాత 0.93, పది ట్రయల్స్ తర్వాత 0.57.

ఇప్పుడు ఫిట్టింగ్ జోలికి పోకుండా ఒక పని చేయండి. ఇద్దరు కల్పిత మనుషుల్ని తయారుచేయండి. ఇద్దరికీ ఒకే నిదానమైన లెర్నింగ్ రేట్, 0.05 అనుకుందాం. ఒకరికి వర్కింగ్ మెమరీ సామర్థ్యం 4, ఇంకొకరికి 2. మీ ఆరు బొమ్మల టాస్క్‌లో వాళ్ళ చేత జవాబులు ఇప్పించి, ఆ డేటాకు మీ మామూలు మోడల్ ఫిట్ చేయండి. సామర్థ్యం ఎక్కువున్న మనిషికి పెద్ద లెర్నింగ్ రేట్, తక్కువున్న మనిషికి చిన్నది బయటకు వస్తుంది. లోపల ఆ పరామీటర్‌లో తేడా లేకపోయినా సరే. మీ 0.5, 0.3 సరిగ్గా ఇలాగే పుట్టి ఉండొచ్చు. వాదనలెన్ని విన్నా రాని నమ్మకం ఈ సిమ్యులేషన్ తెరమీద చూస్తే వస్తుంది.

ఇది కాగితం మీది గొడవ అనుకోవద్దు. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళు ఇలాంటి టాస్క్‌ల్లో నిదానంగా నేర్చుకుంటారు. 2014లో ఇదే మోడల్‌తో చూస్తే లోపం వర్కింగ్ మెమరీ వైపే కనిపించింది, రీఇన్‌ఫోర్స్‌మెంట్ వైపు మామూలుగానే ఉంది. పాత మోడల్‌తో ఆగిపోయి ఉంటే వేరే వ్యవస్థను అనుమానించేవాళ్ళు. మీ అధ్యయనంలోనూ అంతే బరువైన ప్రశ్న ఉంది. పెద్దవయసు వాళ్ళకు సాయం చేయాలంటే ఒకేసారి చూపించే విషయాలు తగ్గించాలా, లేక ఎక్కువసార్లు ఫీడ్‌బ్యాక్ ఇవ్వాలా? ఏ వ్యవస్థ తగ్గిందో తెలియకుండా దీనికి జవాబు లేదు.

బొమ్మల సంఖ్య మార్చడంతోనే పని అయిపోదు, ఇక్కడ చాలామంది పొరపడతారు. రెండు బొమ్మల బ్లాక్‌లో వర్కింగ్ మెమరీ వాటా ఎంత ఎక్కువంటే, లోపల రీఇన్‌ఫోర్స్‌మెంట్ తేడా ఉన్నా అది కప్పుకుపోతుంది. ఆరు బొమ్మల బ్లాక్‌లో రెండు రకాల తేడాలూ బయటపడతాయి. కాబట్టి ‘రెండింటికి సమానం, ఆరింటికి తేడా’ అన్న ఫలితం ఏ పక్షానికైనా సరిపోతుంది. విడదీసేవి రెండు. ఒకటి ఆలస్యం: వర్కింగ్ మెమరీ అయితే బొమ్మను ఎన్ని ట్రయల్స్ క్రితం చూశామన్నది ముఖ్యం, రీఇన్‌ఫోర్స్‌మెంట్ అయితే ఇప్పటిదాకా ఎన్నిసార్లు ఒప్పు వచ్చిందన్నది ముఖ్యం. రెండోది చివర్లో ఫీడ్‌బ్యాక్ లేకుండా పెట్టే పరీక్ష. అప్పటికి వర్కింగ్ మెమరీలో ఏమీ మిగలదు, నిదానంగా పేరుకున్నదే మాట్లాడుతుంది. కాలిన్స్ 2018లో ఇలా పరీక్షిస్తే, ఎక్కువ బొమ్మల బ్లాకుల్లో కష్టపడి నేర్చుకున్నవే తర్వాత బాగా నిలిచాయి. కారణం ఆలోచిస్తే అందంగా ఉంటుంది. వర్కింగ్ మెమరీ జవాబును ముందే చెప్పేస్తే ‘వచ్చింది − అనుకున్నది’ తేడా చిన్నదైపోతుంది, నిదానమైన వ్యవస్థకు నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. రెండు వ్యవస్థలూ పోటీ పడటమే కాదు, ఒకటి ఇంకొకదాని పాఠాన్ని కూడా తగ్గిస్తుంది.

ఎపిసోడిక్ మెమరీ, అంటే విడివిడి సంఘటనల జ్ఞాపకం దగ్గరికి వద్దాం. మీ టాస్క్‌లో దీని పాత్ర తక్కువే ఉండొచ్చు, కానీ ‘జ్ఞాపక వ్యవస్థలు’ అని శీర్షికలో పెట్టే ముందు దీన్ని అర్థం చేసుకోవాలి. ఇప్పటిదాకా చెప్పిన మోడల్స్ అనుభవాలను ఒక అంకెగా ముద్ద చేసి, విడి అనుభవాలను పారేస్తాయి. మనుషులు అలా చేయరు. ఒకసారి ఎదురైన ఒక్క సంఘటన గుర్తొచ్చి దాని బలంతోనే నిర్ణయం తీసుకోవడం మనందరికీ తెలుసు. లెంగ్యెల్, డాయన్ 2007లో దీన్ని ‘మూడో దారి’ అన్నారు. పరిసరాలు సంక్లిష్టంగా ఉండి, అనుభవం ఇంకా కొద్దిగానే ఉన్నప్పుడు, ఇంతకుముందు పనిచేసిన దాన్ని ఉన్నదున్నట్టు గుర్తుచేసుకుని మళ్ళీ చేయడమే మిగతా పద్ధతులకంటే మెరుగని గణితంతో చూపించారు. డేటా పెరిగేకొద్దీ ఆ లాభం తగ్గుతుంది.

దీన్ని మోడల్ చేసే తేలిక పద్ధతి శాంపిలింగ్. నిర్ణయం తీసుకునేటప్పుడు గతంలోంచి ఒక ట్రయల్‌ను బయటకు లాగి, దాని ఫలితాన్నే విలువగా వాడటం. తాజా ట్రయల్ గుర్తొచ్చే సంభావ్యత 0.3, దాని ముందుది 0.21, ఇంకా ముందుది 0.147 అనుకోండి. ఈ అంకెల్ని ఇందాకే చూశారు. కాబట్టి చాలాసార్లకు సగటు తీస్తే శాంపిలింగ్ ఇచ్చే విలువా, రెస్కోర్లా-వాగ్నర్ ఇచ్చే విలువా ఒక్కటే. లోపల జరిగేది మాత్రం పూర్తిగా వేరు. ఒకటి సగటును దాచుకుంది, ఇంకొకటి సంఘటనలను దాచుకుంది. సగటు ప్రవర్తనను మాత్రమే చూసే విశ్లేషణ ఈ రెండిటినీ ఎన్నటికీ విడదీయలేదు.

విడదీయాలంటే తేడా ఎక్కడ వస్తుందో అక్కడ చూడాలి. ఒకే శాంపిల్ లాగితే ఫలితం ప్రతిసారీ 0 లేదా 1, మధ్యలో ఉండదు, కాబట్టి ఎంపికల్లో ఊగిసలాట ఎక్కువ. ఇంకా మంచి మార్గం పాత ట్రయల్‌ను కావాలని గుర్తుచేయడం. బోర్న్‌స్టైన్ బృందం 2017లో అదే చేసింది. ప్రతి ఎంపికకూ ఒక ప్రత్యేకమైన గుర్తును జతచేసి, తర్వాత మధ్యలో ఆ గుర్తును చూపిస్తే, ఎప్పుడో జరిగిన ఆ ట్రయల్ ఫలితం ఇప్పటి ఎంపికను తనవైపు లాగింది. సగటు మాత్రమే దాచుకున్న మెదడులో ఆ గుర్తుకు పట్టుకునే కొక్కెం ఉండదు. ఇలాంటి ప్రయోగం చూసినప్పుడు మోడలింగ్ అంటే ఏమిటో తెలుస్తుంది: రెండు సమీకరణాలు ఒకే జవాబు చెప్పే చోటు నుంచి, వేర్వేరు జవాబులు చెప్పక తప్పని చోటుకి ప్రయోగాన్ని జరపడం.

మీరు స్పందన సమయాలు రికార్డు చేశారని రాశారు, కానీ విశ్లేషణలో వాడలేదు. వాడండి. ఎంపిక ఒక్కటే చూస్తే ఒక ట్రయల్ నుంచి ‘ఒప్పా తప్పా’ అన్నంత సమాచారమే వస్తుంది, సమయం కలిస్తే ఇంకా చాలా వస్తుంది. నిర్ణయాల పరిశోధనలో అందరూ వాడే డ్రిఫ్ట్ డిఫ్యూజన్ మోడల్‌ను రాట్‌క్లిఫ్ 1978లో ప్రతిపాదించింది జ్ఞాపకం నుంచి విషయాన్ని వెలికితీయడాన్ని వివరించడానికే. సాక్ష్యం కొంచెం కొంచెంగా పోగై, రెండు హద్దుల్లో ఏదో ఒకదాన్ని తాకినప్పుడు నిర్ణయం అవుతుంది. పోగయ్యే వేగం, హద్దుల దూరం, మొదలయ్యే చోటు, కదలికకూ చూపుకూ పట్టే సమయం అనేవి ముఖ్యమైన పరామీటర్లు. ఇష్టాయిష్టాల నిర్ణయాల్లో ఆ సాక్ష్యం లోపలి నుంచి, జ్ఞాపకాల నుంచి వస్తుందని షాడ్లెన్, షొహామీ 2016లో వాదించారు. హిప్పోక్యాంపస్ దెబ్బతిన్నవాళ్ళు అలాంటి నిర్ణయాలకు ఎక్కువ సమయం తీసుకున్నారనీ, ఎంపికల్లో నిలకడ తగ్గిందనీ 2019లో వచ్చిన పని ఆ వాదనకు బలమిచ్చింది.

పెద్దవయసు వాళ్ళ విషయంలో ఇది మరీ ముఖ్యం. వాళ్ళు జాగ్రత్త కోసం హద్దుల్ని దూరంగా పెట్టుకోవడం, చేతి కదలికకు ఎక్కువ సమయం పట్టడం తరచుగా కనిపించేవే. జ్ఞాపకంతో సంబంధం లేని ఈ నిదానాన్ని పక్కకు తీయకపోతే, అది కూడా జ్ఞాపకం పద్దులోకే వెళ్తుంది. మీ టాస్క్‌లో మూడు బటన్లున్నాయి కాబట్టి రెండు హద్దుల మోడల్ నేరుగా సరిపోదు. ఒక్కో బటన్‌కు ఒక్కో పోగు పెట్టి, ఏది ముందు హద్దు చేరితే అది గెలిచే పందెం రకం మోడల్ తీసుకోండి.

గడియారం సంగతి కూడా చూడాలి. రీఇన్‌ఫోర్స్‌మెంట్ మోడల్‌లో పాత ఫలితం ప్రభావం తగ్గే తీరు ఘాతాంకం, అంటే ప్రతి అడుగుకూ అదే నిష్పత్తిలో తగ్గుతుంది. మనుషుల మరుపు సాధారణంగా మొదట్లో వేగంగా, తర్వాత నిదానంగా సాగుతుంది. యాక్ట్-ఆర్ అనే సిద్ధాంతంలో ఒక జ్ఞాపకం బలం, ఆ అనుభవం కలిగిన ప్రతిసారికీ 1ని గడిచిన కాలపు వర్గమూలంతో భాగించి, అన్నీ కూడి, లాగరిథమ్ తీస్తే వస్తుంది. 1, 4, 9 సెకన్ల క్రితం చూసినదైతే 1 + 0.5 + 0.333, లాగరిథమ్ తీస్తే సుమారు 0.61. తేడా దూరంలో కనిపిస్తుంది. వంద అడుగుల తర్వాత ఘాతాంకంలో 0.7 ని వందసార్లు గుణించాలి, అది సున్నాతో సమానం. వర్గమూలం పద్ధతిలో ఇంకా పదో వంతు మిగిలి ఉంటుంది. మీ టాస్క్ ఒకే సిట్టింగ్‌లో అయిపోతుంది కాబట్టి ఏది పెట్టినా ఫిట్ పెద్దగా మారకపోవచ్చు. మర్నాడు పరీక్ష పెట్టేటట్టయితే తప్పకుండా మారుతుంది.

‘మోడల్-బేస్డ్ (ముందు ఏం జరుగుతుందో ఊహించి ఎంచుకోవడం), మోడల్-ఫ్రీ (వచ్చిన ఫలితాల అలవాటుతో ఎంచుకోవడం) అని కూడా చేర్చాలా’ అని అడిగారు. మీ టాస్క్‌కు అక్కర్లేదు. ఒక ఎంపిక ఇంకో స్థితికి తీసుకెళ్ళే టాస్క్‌ల్లోనే ఆ విభజనకు పని ఉంటుంది. డా బృందం 2011లో తెచ్చిన రెండు మెట్ల టాస్క్‌లో మొదటి ఎంపిక 70 శాతం సార్లు ఒక స్థితికి, 30 శాతం సార్లు ఇంకో స్థితికి తీసుకెళ్ళేలా పెట్టింది అందుకే. ఆ విభజన ఒక్కో జ్ఞాపక వ్యవస్థకు ఒక్కో పేరు కూడా కాదు. ముందుచూపుతో ప్రణాళిక వేయడానికి వర్కింగ్ మెమరీ కావాలి, పరిసరాల పటం కావాలి. పైగా సూచనలు సరిగ్గా అర్థమయ్యేలా చెబితే ఆ టాస్క్‌లో దాదాపు అందరూ మోడల్-బేస్డ్‌గానే ఆడతారని 2020లో తేలింది. సూచనలు అర్థం కాకపోవడాన్ని మోడల్ ఒక మానసిక వ్యవస్థగా లెక్కగట్టగలదు. రెండు వయసుల గుంపుల్ని పోల్చే మీరు ఈ మాటను మనసులో పెట్టుకోవాలి, ప్రాక్టీస్ ట్రయల్స్‌లో ఇద్దరికీ టాస్క్ సమానంగా అర్థమైందని చూపించాలి.

ఇక ఫిట్టింగ్. మీ మామూలు మోడల్‌లో లెర్నింగ్ రేట్, ఎంపికలో నిక్కచ్చితనాన్ని చెప్పే సాఫ్ట్‌మ్యాక్స్ పరామీటర్, ఈ రెండే ఉన్నాయి. ఇవి ఒకదాని తప్పును ఇంకొకటి మోయగలవు. లెర్నింగ్ రేట్ తగ్గించి రెండోది పెంచినా చాలాసార్లు దాదాపు అదే లైక్లీహుడ్ (డేటాకు మోడల్ ఎంత సరిపోతుందో చెప్పే కొలత) వస్తుంది. అందుకే అసలు డేటా ముట్టుకునే ముందు, మీకు తెలిసిన పరామీటర్లతో డేటా తయారుచేసి, వాటినే తిరిగి రాబట్టగలరా అని చూడండి. తర్వాత ఒక మోడల్‌తో తయారైన డేటాను రెండు మోడల్స్‌తోనూ ఫిట్ చేసి, గెలవాల్సిందే గెలుస్తోందా చూడండి. మీ ట్రయల్స్ సంఖ్యతో ఇది కుదరకపోతే ఏ ఫిట్టింగ్ పద్ధతీ మిమ్మల్ని కాపాడదు, ట్రయల్స్ పెంచాలి లేదా పరామీటర్లు తగ్గించాలి.

మోడల్స్‌ను పోల్చడానికి మీరు వాడిన బిక్ (BIC) ప్రమాణం, అంటే ఫిట్ ఎంత బాగుందో చూస్తూనే పరామీటర్ల సంఖ్యకు జరిమానా వేసే కొలత, అదనపు పరామీటర్లకు బాగానే వాత పెడుతుంది. ఒక మనిషికి 200 ట్రయల్స్ ఉంటే ఒక్కో అదనపు పరామీటర్‌కు 5.3 చొప్పున, మూడు చేర్చితే దాదాపు 16. అంటే లాగ్ లైక్లీహుడ్ కనీసం 8 పెరిగితేనే పెద్ద మోడల్ నిలబడుతుంది. ఆరు బొమ్మల బ్లాకులు మాత్రమే ఉన్న మీ ఇప్పటి డేటాలో సామర్థ్యాన్నీ నమ్మకాన్నీ విడదీయడం అసాధ్యం, ఎందుకంటే వాటా సూత్రంలో అవి గుణకారంగా మాత్రమే కనిపిస్తాయి. 0.9 × 2/6, 0.6 × 3/6 రెండూ 0.3 యే. బొమ్మల సంఖ్య మారితే తప్ప ఆ ముడి విడదు.

బిక్‌లో గెలిచిన మోడల్‌ను కూడా అక్కడితో వదిలేయకండి. దాని చేత టాస్క్ ఆడించి, వచ్చిన నేర్చుకునే వక్రరేఖలు, ఆలస్యం ప్రభావం, తప్పు చేశాక అదే బటన్ మళ్ళీ నొక్కే తీరు అసలు మనుషులతో సరిపోతున్నాయా గీసి చూడండి. పోటీలో గెలిచి కూడా మనుషుల్లో కనిపించే ముఖ్యమైన తీరును పుట్టించలేని మోడల్స్ బోలెడు.

ఉన్న డేటాతో ఇప్పుడే చేయగలిగింది ఒకటి ఉంది, దానితో మొదలుపెట్టండి. ప్రతి ట్రయల్‌కూ రెండు అంకెలు లెక్కగట్టండి: ఈ బొమ్మకు ఇప్పటిదాకా ఎన్నిసార్లు ఒప్పు వచ్చింది, చివరిసారి ఒప్పు వచ్చి ఎన్ని ట్రయల్స్ అయింది. ఈ రెండిటినీ, వయసు గుంపునూ పెట్టి ఒక లాజిస్టిక్ రిగ్రెషన్ (జవాబు ఒప్పా తప్పా అన్నది వేటి మీద ఎంత ఆధారపడుతుందో అంచనా వేసే విశ్లేషణ) చేయండి, మనుషుల మధ్య తేడాలకు చోటిస్తూ. ఆలస్యం ప్రభావం పెద్దవాళ్ళలో ఎక్కువగా కనిపిస్తే అనుమానం వర్కింగ్ మెమరీ మీదికి పోతుంది, బొమ్మల సంఖ్య 2, 3, 6 గా మార్చి, చివర ఫీడ్‌బ్యాక్ లేని పరీక్షతో రెండో ప్రయోగం వేయడానికి అది చాలు. ఆలస్యం ప్రభావం ఇద్దరిలో ఒకేలా ఉండి, ఒప్పుల సంఖ్య ప్రభావంలోనే తేడా ఉంటే, నిదానమైన వ్యవస్థ వైపు చూడండి. ఆ రిగ్రెషన్ ఫలితం వచ్చాక ఇక్కడే పెట్టండి, ఏ మోడల్‌తో ముందుకు వెళ్ళాలో అంకెలు చూసి మాట్లాడుకుందాం.